వరంగల్‌లో నేను పీకిన వరి దుబ్బు

వరంగల్ నుంచి వచ్చి మూడు నెలలు దాటింది. ఊళ్లో కనిపించిన ప్రతివాడూ కోట చూశావా, వేయిస్తంభాల గుడి చూశావా అని అడుగుతూనే ఉన్నాడు. రెండూ చూడలేదు. ఉన్న నాలుగు రోజుల్లో మూడు ఒక వరిపొలం గట్ల మీద తిరిగి, అక్కడ ఒక ఘనకార్యం వెలగబెట్టి, తల వంచుకుని రైలెక్కాను. అదేమిటో నిన్నటిదాకా మా ఇంటావిడకు కూడా చెప్పలేదు. నిన్న ఒక ఉత్తరం వచ్చింది. ఇక కడుపులో దాచుకోవడం నా వల్ల కాలేదు.

మాది తెనాలి దగ్గర ఒక పల్లె. రెండేళ్ల కిందట బ్లాకు ఆఫీసు వాళ్లు నాకు ఆదర్శ రైతు అని ఒక కాగితం ఇచ్చారు. నా చేలో కేళీ కనిపించదని ఆ గౌరవం. ఒక రకం వరి నాటిన మడిలో మరో రకం మొక్క పుట్టుకొస్తే దాన్ని కేళీ అంటాం. విత్తనం కట్టేవాడికి అది కంట్లో నలుసు. నా చేలో కేళీ చూపించినవాడికి బస్తా వడ్లు ఇస్తానని నేను పందెం వేస్తుంటాను. ఇంతవరకు ఎవడూ పట్టుకుపోలేదు. ఇంత గొప్ప ఎందుకు చెప్పుకుంటున్నానో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

ఈ మధ్య మా వైపు చేలకు ఉల్లికోడు తగిలింది. ఎర్రని దోమలా ఉంటుంది ఆ పురుగు. దాని పిల్ల వరి మొవ్వులో దూరిందంటే ఆ పిలక ఉల్లికాడలా తెల్లని గొట్టమైపోతుంది, దాన్నే ఉల్లాకు అంటాం, ఇక దానికి కంకి రాదు. వ్యవసాయానికే ప్రత్యేకంగా ఒక విశ్వవిద్యాలయం కొత్తగా పెట్టారని, దానికి వరంగల్ బయట ఒక పరిశోధన పొలం ఉందని, ఉల్లికోడు సంగతి అక్కడ తేలుస్తున్నారని, వెళ్లి చూసివచ్చి నలుగురికీ చెప్పమని బ్లాకు ఆఫీసు వాళ్లు నన్ను పంపారు.

స్టేషను నుంచి కొత్తవాడ దాకా

దిగగానే చాయ్ తాగాను. పది పైసలు. సాసరు నిండా పొర్లేలా పోసి ఇచ్చారు. మా వైపు అలా ఒలికితే హోటలు వాడితో దెబ్బలాడతాం. ఇక్కడ ముందు సాసరులోది ఊదుకుని తాగి, తర్వాత కప్పు ముట్టుకుంటారు. పక్కవాణ్ణి చూసి నేనూ అలాగే చేశాను. చొక్కా మీద పోసుకున్నానన్నది వేరే సంగతి.

రిక్షా ఎక్కాక మొదటిసారి నోరు వెళ్లబెట్టాను. దారి పొడుగునా ఆడవాళ్లు చేలలోంచి గునుగు పూలు ఒళ్లో నింపుకుని వస్తున్నారు. మా మెట్ట చేలల్లో గునుగు అంటే కలుపు. కూలీలను పెట్టి పీకిస్తాం. ఇక్కడ ఒక వాకిట్లో ఆ పువ్వుకే రంగులద్ది, తంగేడు పూలతో కలిపి పళ్లెంలో గోపురంలా పేరుస్తున్నారు.

"గది బతుకమ్మ" అన్నాడు రిక్షా అతను. "మీ దిక్కు జెయ్యరా?"

"చేయం. మేం గునుగు కనబడితే పీకేస్తాం."

"పీకేస్తరా?" అని వెనక్కి తిరిగి నన్ను ఒకసారి ఎగాదిగా చూశాడు. ఆ చూపులో జాలి ఎక్కువో కోపం ఎక్కువో తెలియలేదు. ముందుకు తిరిగి రిక్షా జోరుగా తొక్కాడు.

కొత్తవాడలో ఇంటింటి ముందూ షత్రంజీలు ఆరేసి ఉన్నాయి. మా పెళ్లిళ్లలో పరిచే జంపఖానాలే, ఇక్కడ పేరు వేరు. ఒకటి బేరమాడదామని దిగాను. ఎనిమిది రూపాయలన్నాడు నేసే పెద్దాయన. ఆరుకిస్తావా అన్నాను. ఆయన కోప్పడలేదు. "జర కూసో పెద్దమనిషీ" అని నన్ను దాని మీదే కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మగ్గం మీద రెండు వేళ్ల వెడల్పు నేసి చూపించాడు. ఆ రెండు వేళ్లకు ఎంతసేపు పట్టిందో చూశాక నాకు మళ్లీ ఆరు అనడానికి నోరు రాలేదు. ఎనిమిదీ ఇచ్చి చంకన పెట్టుకున్నాను.

బురదలో ఎమ్మెస్సీ

రెండో రోజు పొద్దున్నే ఫారానికి వెళ్లాను. పరిశోధన పొలాన్ని ఇక్కడ అందరూ ఫారం అనే అంటారు. గేటు లోపల ఒక మనిషి మోకాళ్ల దాకా బురదలో వంగి మడి సరిచేస్తున్నాడు. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు.

"ఏమయ్యా, శామ్యూల్ గారని సారు ఉండాలి, ఎక్కడున్నారు?" అన్నాను.

అతను నడుం ఎత్తి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, "నేనే సార్. వెంకటరత్నం గారా మీరు? లెటర్ వచ్చింది" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్లయింది. మా ఊళ్లో ఇంటర్ తప్పినవాడు గట్టు మీద చెప్పులు విప్పడు. ఈ కుర్రాడు బీయెస్సీ పాసై ఎమ్మెస్సీ చదువుతున్నాడు. హనుమకొండ వాడు. తండ్రి దవాఖానలో కంపౌండరు. ఆదివారం చర్చికి పోతాడు, మిగతా ఆరు రోజులూ ఇదిగో ఈ బురద. ఏ మొక్కలు ఉల్లికోడును తట్టుకుంటాయన్నది అతని థీసిస్. అది రాసిస్తేనే పట్టా చేతికొస్తుందట.

ఆ పక్కన ఇంకా విచిత్రం. తెల్లచొక్కాల కాలేజీ కుర్రాళ్లు ఎనిమిది మంది తలా ఒక మడిలో నాగలి పట్టుకుని కుస్తీ పడుతున్నారు. ఒక్కొక్కరికి కొంచెం నేల ఇస్తారట. దున్నడం, నాటడం, కోయడం అంతా వాళ్లే. పంట ఎంత వచ్చిందో చూసి మార్కులు. ఒకడు మునసబు గారి అబ్బాయట, అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఎద్దు అతని మాట వినడం లేదు. నాగలి పట్టడానికి కాలేజీ ఏమిటని నేను నవ్వాను.

"నవ్వున్రి సార్" అన్నాడు శామ్యూల్. "రేపు వీళ్లే మీ బ్లాకుకు ఆఫీసర్లయి వస్తరు. ఎద్దును పట్టనోడు వచ్చి మీకు సలహా చెప్తే ఇంటరా మీరు?"

అక్కడితో నా నవ్వు ఆగిపోయింది. మాకు వచ్చే ఆఫీసర్లు జీపు దిగకుండానే సలహా చెప్పి పోతుంటారు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మరో దెబ్బ. కూలి ఆడవాళ్లు ఏడుగురు, వాళ్ల పెద్ద కొమురమ్మ, ఈ ఎమ్మెస్సీ సారు, అందరూ ఒకే గట్టు మీద కూర్చుని మూటలు విప్పారు. కొమురమ్మకు నలభై ఏళ్లుంటాయి. సన్నగా, ఎండిన కొమ్మలా ఉంటుంది. తన గిన్నెలోంచి ఒక సర్వపిండి ముక్క విరిచి నాకిచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు అద్ది కాల్చిన రొట్టె అది. మా వైపు కామందులు కూలీల మూటలోది తినరు. దాచడం దేనికి, నా చెయ్యి ఒక క్షణం ఆగింది. అది ఆమె చూసింది.

"తినున్రి పటేలా. చేతులు కడుక్కునే జేసిన" అంది.

సిగ్గుతో చచ్చి తిన్నాను. చాలా బాగుంది. రెండో ముక్క నేనే అడిగాను.

పురుగు కోసం వేసిన పంట

సాయంత్రం శామ్యూల్ నన్ను ఫారం చివరికి తీసుకుపోయాడు. అక్కడ నేను చూసింది ఏ రైతూ చూడకూడనిది. నాలుగు మడులు. మడి నిండా ఉల్లాకులే. ఒక దుబ్బులో పది పిలకలుంటే ఎనిమిది తెల్లని గొట్టాలు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మందు కొట్టలేదేం బాబూ?"

"కొట్టం సార్. కావాల్నని ఆలస్యంగ నాటినం. లేటుగ నాటితే పురుగుకు బాగ దొరుకుతది. ఇగో, ఈ దీపాలు కూడ అందుకే."

మడుల మీద కర్రలకు లాంతర్లు కట్టి ఉన్నాయి. పొద్దు వాలగానే వాటిని వెలిగించారు. నేను చూస్తుండగానే చుట్టుపక్కల పొలాల్లోని ఎర్రదోమలు గుంపులుగా ఆ వెలుతురుకు వచ్చి వాలాయి. పురుగును పిలిచి, దీపం పెట్టి, పీట వేసి వడ్డిస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ప్రభుత్వం డబ్బుతో చేస్తున్న పని ఇదా అని గట్టిగానే అడిగాను.

"మందు కొడితే పురుగు సస్తది" అన్నాడు శామ్యూల్ నెమ్మదిగా. "పురుగు సస్తే ఏ మొక్క తట్టుకుంటదో ఎట్ల తెలుస్తది? నూటికి నూరు పోవాలె సార్. అందులో ఒక్కటి నిలబడితే అదే మాకు కావాలె. దాంతోని కొత్త విత్తనం చేయొచ్చు. మందు కొనలేనోని చేన్ల కూడ పండుతది."

కొమురమ్మ లాంతరు వత్తి సవరిస్తూ ఈ మాటలు వింటోంది. "నాకు ఎకరంనర ఉన్నది పటేలా, మా ఊళ్లె" అంది. "మూడేండ్ల సంది ఉల్లాకే. గడ్డి గూడ సక్కగ ఎల్తలేదు. మందు కొట్టే తాకత్ మాకేడిది? ఈడ ఏదన్న మొక్క నిలబడితే నా చేన్ల ఏసుకుంట. గందుకే రెండు కోసులు నడ్సి ఈడ కూలికస్తాన."

"ఊళ్లో కూలి దొరకదా?"

"దొరుకుతది. గీ మొక్క దొరకదు గద."

గుడ్డపీలిక

మూడో రోజు మధ్యాహ్నం. మర్నాడు హైదరాబాదు నుంచి తన థీసిస్ చూసే పెద్దసారు వస్తున్నాడని శామ్యూల్ సైకిలు మీద ఊళ్లోకి పోయాడు. కూలీలు అన్నాలకు కూర్చున్నారు. నేను గట్ల మీద షికారు కొడుతూ ఆ పురుగు మడుల దగ్గరికి చేరాను.

మూడో మడి నడుమ ఒక దుబ్బు కనిపించింది. పక్కవాటికంటే జానెడు ఎత్తు. కాండం మొదలు ఊదారంగు. చుట్టూ ఉన్నవేవీ కంకి తీయలేదు, ఇది తీసి పాలుపోసుకుంటోంది. వడ్లకు ముల్లు ఉంది. ఎంత దూరం నుంచి చూసినా అది ఆ మడిలోది కాదు, వేరే రకం. కేళీ. పైగా దాని నడుముకు ఎర్రటి గుడ్డపీలిక కట్టి ఉంది.

మా ఊళ్లో కేళీకి గుడ్డపీలిక కడతారు. గట్టు మీద పోయేవాడు కేళీ చూస్తే గుర్తుకు పీలిక కట్టి పోతాడు. తర్వాత ఒకడు మడిలో దిగి పీలికలున్నవన్నీ పీకేస్తాడు. అది మళ్లీ వేరు పోసుకోకుండా మెలిపెట్టి, బురదలో తొక్కుతాం. నా పదో ఏట నుంచి నా చేతులకు అలవాటైన పని. వీళ్లు గుర్తు పెట్టి మరిచిపోయారు కాబోలు, రేపు పెద్దసారు వస్తే మాటపడతారు పాపం అనుకున్నాను. అప్పటికే చేతులు దురద పెడుతున్నాయి. పంచె ఎగ్గట్టి దిగాను. రెండు చేతులా పట్టి పీకాను. మట్టి దులిపి, నడుముకు మెలిపెట్టి, మడమతో మూడుసార్లు తొక్కాను. పీలిక విప్పి జాగ్రత్తగా గట్టు మీద పెట్టాను. ఆదర్శ రైతును కదా.

చేతులు కడుక్కుంటుంటే కొమురమ్మ వచ్చింది. నా వంక చూడలేదు. గట్టు మీది పీలిక చూసింది. తర్వాత మడిలోకి చూసింది.

"ఎవలు పీకిన్రు?"

"నేనేనమ్మా. పీలిక కట్టి వదిలేశారు, రేపు మాట రాకూడదని..."

"పీలిక నేనే గట్టిన" అంది. గొంతు పెంచలేదు. "పీకద్దని గట్టిన."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ నాలుగు మడుల్లోనూ ఉల్లాకు రాని దుబ్బు అదొక్కటే. నూటికి నూరు పోవాలి, ఒక్కటి నిలబడాలి అని నిన్న విన్నానే, ఆ ఒక్కటి. పదిహేను రోజుల కిందట కలుపు తీస్తూ ఆమె కళ్లబడిందట. తన చీర అంచు చింపి కట్టింది. పెద్దసారు చూసి నంబరు వేసేదాకా బయటివాళ్లతో అనవద్దని శామ్యూల్ చెప్పాడు. అందుకే నాకు చెప్పలేదు. వాళ్ల లెక్కలో పీలిక ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోరు. ఉంచాల్సినదానికే గుర్తు. పీకేదానికి గుర్తెందుకు, కనబడగానే పీకేయడమే.

కొమురమ్మ మడిలో దిగి, బురదలోంచి ఒక్కొక్క కాడనే చంటిబిడ్డను ఎత్తినట్లు ఎత్తి కాలువలో కడిగింది. పదకొండు కాడలు. తొమ్మిది నలిగి విరిగాయి.

శామ్యూల్ సైకిలు దిగి వచ్చి చూశాడు. తిట్టు తిడతాడని చూశాను, తిడితే బాగుండేది. గట్టు మీద చతికిలబడి, తలలో వేళ్లు దూర్చుకుని నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి లేచి కత్తెర తెచ్చాడు. విరగని రెండు కంకులనూ కోసి నీళ్ల సీసాలో పెట్టాడు. మిగిలిన దుబ్బును జానెడు ఎత్తున కోసి, ఆ మడి మట్టితోనే ఒక కుండీలో నాటాడు. మొదలు బతికుంటే కొత్త పిలకలు వేస్తుందట. బతికుంటే.

"సాయంత్రం బండికి పోతాను" అన్నాను. నిజమే చెబుతున్నాను, పారిపోదామనే అనుకున్నాను.

కొమురమ్మ కుండీకి నీళ్లు పోస్తూ తలెత్తింది. "పోతే పోన్రి పటేలా. రేపు సారు అడిగితే మా మీదికే అస్తది. గీ మడిల దిగెటోళ్లం మేమే గద."

పోలేదు. ఆ రాత్రి శామ్యూల్ నన్ను హనుమకొండలో తన ఇంటికి తీసుకుపోయాడు. వాళ్లమ్మ గారు జొన్నరొట్టె, పుంటికూర చేసి పెట్టింది. పుంటికూరంటే మన గోంగూరే. కొడుకు ముఖం చూసి సంగతి ఆమెకు అర్థమయ్యే ఉంటుంది. అయినా మాకోసం ప్రార్థన చేసి, నా కంచంలోనే ముందు వడ్డించింది.

పెద్దసారు

నాలుగో రోజు పెద్దసారు వచ్చాడు. పొట్టి మనిషి, చేతిలో నల్లగొడుగు. ముందే ఎదురెళ్లి, చేసిందంతా చెప్పాను. కూలివాళ్ల తప్పు లేదని రెండుసార్లు చెప్పాను. ఆయన గొడుగు ముడిచి, జేబులోంచి పుస్తకం తీశాడు.

"అది కేళీ అని మీరెలా గుర్తుపట్టారు?"

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. కాదు, పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడు. చెప్పాను. ఎత్తు, ఊదా మొదలు, పిలకలెన్ని, ఆకు ఏ వాలున నిలబడింది, కంకి పొడుగు, ముల్లు రంగు, పక్క దుబ్బుకూ దానికీ మధ్య ఎడం. నేను చెబుతున్నకొద్దీ ఆయన రాస్తూనే ఉన్నాడు. మూడు పేజీలు నిండాయి. శామ్యూల్ అది చూసి బిత్తరపోయాడు. ఆ మొక్క వివరం ఈ రోజు రాసుకుందామని అతను ఆగాడట. ఆ మొక్కను అంత దగ్గరగా చూసి గుర్తుపెట్టుకున్న కళ్లు ఇప్పుడు నావి, కొమురమ్మవి మాత్రమే. ఆమెను కూడా పిలిచి అడిగారు. నేను చెప్పిన ముల్లు రంగు తప్పని, చివర కొంచెం ఎరుపు ఉందని ఆమె దిద్దింది. ఆయన నాది కొట్టేసి ఆమెది రాశాడు.

"మీరు చేసింది తప్పు కాదని అనను" అన్నాడు పుస్తకం మూస్తూ. "కాని సగం తప్పు మాది. రైతును పిలిచి, మా గుర్తేమిటో చెప్పకుండా గట్ల మీద వదిలేశాం. చదువు చెప్పడం, పరిశోధన చేయడం, అది రైతుకు అర్థమయ్యేలా చెప్పడం, ఈ మూడింటికీ ఈ విశ్వవిద్యాలయం పెట్టారు. మూడోదాంట్లో నిన్న మేం తప్పాం."

తిట్టు తినడానికి వచ్చినవాడికి ఇది వినపడితే ఎలా ఉంటుందో చెప్పలేను. కన్నీళ్లు ఆపుకోలేకపోయాను.

కుండీ

అంతటితో అయిపోలేదు. కుండీలో మొదలు చచ్చిపోలేదు. కోసిన చోట నుంచి పొద్దుటికే సూదిమొనంత ఆకుపచ్చ పైకి వచ్చింది. అది చూసి నేను దండం పెట్టినంత పని చేశాను. దోమతెర కట్టించి గదిలో పెట్టండి, దాని ఖర్చు నేనిస్తాను అన్నాను.

"గదిలో ఎందుకు?" అన్నాడు పెద్దసారు. "తీసుకెళ్లి మూడో మడిలో, లాంతరు కింద పెట్టండి."

నాకు మతిపోయింది. ఉన్నది ఆ ఒక్క మొదలు. అది కూడా చావు తప్పి కన్ను లొట్టపోయిన మొదలు. లేత పిలక అంటే ఉల్లికోడుకు పాయసం. నేను తొక్కినది చాలక వీళ్లు పురుగు నోట్లోనే పెడుతున్నారు. ఇది అన్యాయమండీ అని ఆయన చెయ్యి పట్టుకున్నాను.

కొమురమ్మ మాత్రం అప్పటికే కుండీ నడుముకెత్తుకుంది.

"నువ్వన్నా చెప్పమ్మా" అన్నాను. "కొన్నాళ్లు దాచి పెంచమను. అది నీ చేలోకి రావాల్సిన మొక్క."

ఆమె ఆగి నా వైపు తిరిగింది. "దాసి పెంచితే ఏం ఎర్కయితది పటేలా? మొన్న పురుగు దీన్ని నిజంగనే ఇడిసిపెట్టిందో, సూడక పోయిందో. నా చేన్ల తెర కట్టెటోళ్లెవలు? ఇప్పుడు పోయేదుంటే ఇప్పుడే పోనీ. నా చేన్లకచ్చినంక పోతే నేనేం గావాలె?"

అని చెప్పి మడిలో దిగింది. లాంతరు కర్ర కింద మట్టి కాలితో చదును చేసి కుండీ పెట్టింది. చుట్టూ తెల్లని ఉల్లాకులు, నడుమ ఆ సూదిమొనంత పచ్చ. చేతులు కడుక్కుని, వెనక్కి చూడకుండా మిగతా ఆడవాళ్లతో కలుపు తీయడానికి పోయింది. నేను మాత్రం రైలు వేళయ్యేదాకా గట్టు మీద నుంచి కదల్లేకపోయాను.

నిన్న వచ్చిన ఉత్తరం

శామ్యూల్ రాశాడు. సీసాలో పెట్టిన రెండు కంకులూ గింజ కట్టక తాలుపోయాయట. కుండీ మొదలు ఆరు పిలకలు వేసింది. లాంతరు కిందే ఉంది, ఎర్రదోమలు రోజూ వాలాయి. ఒక్క ఉల్లాకు రాలేదు. నలభై ఒక్క గింజ పండింది. కొమురమ్మ లెక్కపెట్టింది, తర్వాత తను లెక్కపెట్టాడు, పెద్దసారు వచ్చి మళ్లీ లెక్కపెట్టాడు. ఇంట్లో చదివి వినిపిస్తూ నలభై ఒకటి దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాను. మా ఇంటావిడ ఏమిటేమిటి అని అడుగుతుంటే అప్పుడు చెప్పాను, జరిగిందంతా.

ఉత్తరం చివర ఇంకో నాలుగు వరసలున్నాయి. అవి ఆమెకు చదవలేదు. నలభై ఒక్క గింజ ఏ పరీక్షకూ చాలదట. వచ్చే ఏడంతా ఆ గింజలను విత్తనంగా పెంచుకోవడానికే సరిపోతుంది, అసలు పని ఆ పై ఏడు మొదలవుతుంది, కొమురమ్మకు కూడా ఇదే చెప్పాను, సరే అన్నది అని రాశాడు.

నేను తొక్కిన పదకొండు కాడలకు తక్కువలో తక్కువ వెయ్యి గింజలుండేవి. నాది వరిచేను, ఈ లెక్క నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ వెయ్యీ ఉంటే అసలు పని వచ్చే ఏడే మొదలయ్యేది. ఆ వడ్లు కొమురమ్మ చేలోకి రావడం ఎప్పటికో, ఆ ఎప్పటికి నేనొక ఏడాది కలిపాను. ఆ ఏడాది కూడా ఆమె ఎకరంనరలో ఉల్లాకే పండుతుంది.